పోచంపల్లి అంచు కేకు మీదికి రావాలంటే

ప్రశ్న: మాది నల్గొండ. మే మొదటి వారంలో మా చెల్లె పెండ్లి. పొద్దున చర్చిలో పెండ్లి, రాత్రికి నకిరేకల్‌లో పెండ్లికొడుకు వాళ్లింటి దగ్గర విందు. కేకు నేనే చేస్తనని మాటిచ్చిన. చెల్లె పోచంపల్లి పట్టుచీర కట్టుకుంటది, అదే డిజైను కేకు మీద కనిపించాలని దాని ఆశ. మొన్న 6 అంగుళాల కేకు మీద చేసి చూసిన. ఎర్ర ఫాండెంట్ (కేకు మీద కప్పే చక్కెర ముద్ద) ఒత్తి, దానిమీద తెలుపు, నలుపు డైమండు ముక్కలు పెట్టి, కర్రతో మళ్ల ఒత్తి మొత్తం కేకు మీద కప్పిన. పైన మంచిగనే ఉంది. పక్కలకు వచ్చేసరికి డైమండ్లు సాగి వేపాకుల లెక్క అయినయి. అంచుల దగ్గర పగిలింది. రాత్రి ఫ్రిజ్‌ల పెట్టి పొద్దున తీస్తే చెమట పట్టి ఎరుపంత తెలుపులకు దిగింది. లోపల విప్పింగ్ క్రీమ్ వాడిన. ఇంకా 4 వారాలున్నయి. ఏం జేయాలె?
– ఒక అక్క, నల్గొండ

జవాబు: అమ్మా, ముందుగానే ఒక కేకు చేసి చూసుకోవడం చాలా మంచి పని. మీ చేతిలో లోపమేమీ లేదు. డైమండ్లు సాగడానికి, అంచు పగలడానికి, ఎరుపు దిగడానికి వేరువేరు కారణాలున్నాయి. మూడూ సరిచేసుకోగలిగినవే.

మొదట డైమండ్ల సంగతి. 6 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల ఎత్తు ఉన్న కేకును కప్పాలంటే ఫాండెంట్ కనీసం 14 అంగుళాల వెడల్పు గుండ్రంగా ఒత్తాలి. ఆ గుండ్రం చుట్టుకొలత 44 అంగుళాలు. కేకు అడుగున చుట్టుకొలత 19 అంగుళాలే. అంటే 44 అంగుళాల అంచును 19 అంగుళాల్లోకి ఇమడ్చాలి. అందుకే కప్పేటప్పుడు పక్కల్లో లంగా కుచ్చిళ్లలా మడతలు పడతాయి. మనం వాటిని అరచేత్తో కిందికి నిమురుతూ సర్దుతాం. ఆ నిమరడంలో ఫాండెంట్ అడ్డంగా కుంచించుకుని నిలువుగా సాగుతుంది. దానిమీద డైమండు ఉంటే వేపాకు కాక ఏమవుతుంది? ఎంత చేయి తిరిగినవాళ్లకైనా ఇంతే.

కాబట్టి డిజైను ఉన్న ఫాండెంట్‌తో కేకును కప్పవద్దు. కేకును ముందు ఒకే రంగు ఫాండెంట్‌తో కప్పి ఒక రాత్రి ఆరనివ్వండి. డిజైనును బల్లమీద, చదునుగా, విడి పట్టీగా తయారుచేసి ఆ తర్వాత చుట్టండి. గద్వాల చీర గుర్తు తెచ్చుకోండి. ఒళ్లంతా నూలు, అంచు పట్టు. ఒంటికి వేరే పోగు, అంచుకు వేరే పోగు వేసి, కలిసే చోట మగ్గం మీదే పెనవేస్తారు కాబట్టే దేని అందం దానికి నిలుస్తుంది. మీ కేకుకూ అదే పద్ధతి: ఒళ్లు వేరు, అంచు వేరు.

ఇక డైమండు ముక్కలు కత్తిరించి అతికించే పని మానేయమంటాం. పోచంపల్లి చిట్కి పనిలో గీత ఎక్కడా కత్తితో కోసినట్టు ఉండదు. నేయకముందే నూలుకు కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టు కిందికి కాస్త రంగు పాకుతుంది, మగ్గం మీద పోగులు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి. అందుకే ఆ డిజైను అంచులు మెట్లుమెట్లుగా, కాస్త అలికినట్టు కనిపిస్తాయి. ఆ మెట్లే దాని గుర్తు. అచ్చుతో కోసిన నున్నటి డైమండు ఎంత శుభ్రంగా ఉన్నా పేకముక్కలా కనిపిస్తుందే గాని చీరలా కనిపించదు. మెట్లు రావాలంటే ఫాండెంట్‌ను కూడా పోగుల్లాగే కోసి, జరిపి పేర్చాలి. ఇదిగో ఇలా.

ఎరుపు, నలుపు, తెలుపు ఫాండెంట్లను 2 మిల్లీమీటర్ల మందాన విడివిడిగా ఒత్తండి. మందం సమానంగా రావాలంటే కర్రకు రెండు వైపులా స్టీలు స్కేళ్లు పట్టాల్లా పెట్టండి. ఒక స్టీలు స్కేలు సుమారు 1 మిల్లీమీటరు మందం ఉంటుంది, రెండేసి పేరిస్తే 2 వస్తుంది. ఇప్పుడు 30 సెంటీమీటర్ల పొడవున బద్దలు కోయండి. ఎరుపు బద్దలు 2 సెంటీమీటర్ల వెడల్పువి రెండు, నలుపువి అర సెంటీమీటరువి రెండు, తెలుపుది 1 సెంటీమీటరుది ఒకటి. వీటిని ఎరుపు, నలుపు, తెలుపు, నలుపు, ఎరుపు వరుసలో సందులేకుండా పక్కపక్కన పెట్టి, అంచులకు తడి వేలు తగిలీ తగలనట్టు రాసి, కర్రను దాని బరువు మీదే ఒక్కసారి పొడవునా దొర్లించండి. 6 సెంటీమీటర్ల వెడల్పున్న చారల గుడ్డలాంటి షీటు తయారవుతుంది.

దాన్ని పది నిమిషాలు వదిలి, కాస్త బిగిశాక, ఇప్పుడు అడ్డంగా అర సెంటీమీటరు వెడల్పు పట్టీలుగా కోయండి. పిజ్జా కట్టర్ అయితే మంచిది. కత్తితో లాగితే తెలుపులోకి నలుపు ఈడ్చుకొస్తుంది. కత్తే ఉంటే లాగకుండా పైనుంచి కిందికి అదమండి, ప్రతి కోతకూ తుడవండి. ఒక్కో పట్టీలో ఐదు ముక్కల రంగులు ఉంటాయి. అదే మీ పోగు.

తర్వాత గ్రాఫు పేపరు పరిచి దానిమీద పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు (ఓహెచ్‌పీ షీటు) పెట్టండి. షీటుకు వనస్పతి వేలితో పల్చగా రాయండి. మొదటి పట్టీని నిలువుగా పెట్టండి. రెండోది దానికి ఆనించి 4 మిల్లీమీటర్లు పైకి జరిపి పెట్టండి. మూడోది 8, నాలుగోది 12, ఐదోది 16. అక్కణ్నుంచి దిగడం: 12, 8, 4. తొమ్మిదోది మళ్లీ సున్నా. కింద గ్రాఫు గళ్లు కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి కొలవక్కర్లేదు, గళ్లు లెక్కపెడితే చాలు. ఎనిమిది పట్టీలకు ఒక శిఖరం, ఒక లోయ పూర్తవుతాయి. నాలుగు శిఖరాలు అయ్యేసరికి, అంటే 32 పట్టీలకు, 16 సెంటీమీటర్ల పొడవు వస్తుంది. నలుపు అంచున్న తెల్లటి మెరుపుగీత మెట్లు మెట్లుగా ఎక్కి దిగుతూ కనిపిస్తుంది. అక్కడక్కడ ఒక పట్టీ అర మిల్లీమీటరు తప్పితే సర్దకండి. మగ్గం మీద కూడా అలాగే తప్పుతుంది, చీర కళ అందులోనే ఉంది.

ఇక దాని వెనక ఆధారం. ఎర్ర ఫాండెంట్‌నే 1 మిల్లీమీటరు మందాన ఒత్తి, జిగురు బ్రష్షుతో పల్చగా రాసి, పేర్చిన పట్టీల మీద బోర్లించండి. ఇప్పుడు కర్రతో మెల్లగా పొడవునా ఒకసారి, అడ్డంగా ఒకసారి ఒత్తండి. అంతే, రెండోసారి వద్దు. ఇక్కడే ఎక్కువమంది చెడగొట్టుకుంటారు. ఇంకా అతుక్కోలేదేమోనని నాలుగుసార్లు ఒత్తితే మెట్లు కరిగిపోయి మీ మొన్నటి కథే మళ్లీ మొదలవుతుంది. ఒత్తినప్పుడు పలక కొంచెం సాగి 17 సెంటీమీటర్లకు చేరుతుంది. తిరగేసి ప్లాస్టిక్ షీటు ఒలిచేయండి. షీటుకు ఆని ఉన్న ముఖం పట్టులా నున్నగా ఉంటుంది. పైనా కిందా ఎగుడుదిగుడుగా ఉన్న ఎరుపును స్కేలు పెట్టి కోసేస్తే 4.4 సెంటీమీటర్ల ఎత్తున్న పలక మిగులుతుంది.

17 సెంటీమీటర్లే ఎందుకంటే, మీ పెండ్లి కేకు కింద 8, పైన 6 అంగుళాల రెండు అంతస్తులదని అనుకుని లెక్క వేశాం. 8 అంగుళాల కేకు గనాష్ (చాక్లెట్, క్రీమ్ కలిపిన పూత), ఫాండెంట్ పట్టాక ఎనిమిదిన్నర అంగుళాలవుతుంది. చుట్టూ కొలిస్తే 68 సెంటీమీటర్లు. సరిగ్గా నాలుగు పలకలు. 6 అంగుళాలది ఆరున్నర అయితే చుట్టుకొలత 52. మూడు పలకలు పెట్టి, మిగిలిన సెంటీమీటరును అతుకుల దగ్గర జరీ పట్టీల కింద దాచేయొచ్చు. అయినా మీ కేకును మీరు కప్పాక దారంతో చుట్టుకొలత తీసుకోండి. మా లెక్కకూ మీ కేకుకూ సెంటీమీటరు తేడా వస్తే పట్టీ ఒకటి కలపడమో తీయడమో చేయొచ్చు. మొత్తం ఏడు పలకలకు 224 పట్టీలు కావాలి. 30 సెంటీమీటర్ల చారల షీట్లు నాలుగు చేస్తే 240 వస్తాయి. విరిగినవి పోను సరిపోతాయి. దీనికి ఎర్ర ఫాండెంట్ 350 గ్రాములు, నలుపు 100, తెలుపు 100 సిద్ధం చేసుకోండి.

మెరుపుగీత కాకుండా నిండు డైమండ్లే కావాలని చెల్లె పట్టుబడితే, చారల షీటులో తెలుపు బద్దను అడుగున పెట్టి ఒక పలక, దాన్ని తలకిందులు చేసి మరో పలక చేసి, రెండింటినీ ఒకదాని కింద ఒకటి కలిపితే డైమండ్లవుతాయి. పని రెట్టింపు, అతుకు రేఖ ఒకటి ఎక్కువ. మొదటిసారికి మెరుపుగీతే మేలని మా మాట. పై అంతస్తు నెత్తిన మాత్రం ఒక చిన్న చతురస్రం వేయాలనుకుంటే పుట్టపాక తేలియా రుమాలు చూసి చేయండి. ఎరుపు, నలుపు, తెలుపు మూడు రంగులే, అన్నీ గళ్ల లెక్కే. ఇవే పట్టీలతో వచ్చేస్తుంది.

ఈ పలకలకు వాడే ఫాండెంట్‌లో సీఎంసీ పొడి (ఫాండెంట్‌ను బిగిసేలా చేసే తినదగిన జిగురు పొడి) కలపాలి. పావు కిలోకు అర చెంచా. పూలకైతే ఒక చెంచా వేస్తారు కాని, ఇక్కడ అంత వేస్తే పలక గుండ్రంగా వంగేలోపే గట్టిపడి విరుగుతుంది. అసలు వేయకపోతే ఎత్తేటప్పుడు జంతికల పిండిలా సాగుతుంది. కలిపాక క్లింగ్ ఫిల్మ్‌లో చుట్టి గంటసేపు పక్కన పెట్టండి, ఆ పొడి పని మొదలుపెట్టడానికి సమయం కావాలి. జిగురు కూడా దీనితోనే చేసుకోవచ్చు. రెండు పెద్ద చెంచాల నీళ్లలో పావు చెంచా సీఎంసీ వేసి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి ఉండలన్నీ కరిగి గంజిలా అవుతుంది.

తెల్ల ఫాండెంట్ ఇంట్లో చేస్తున్నారో కొంటున్నారో మీరు రాయలేదు. చేస్తే కొలత ఇది: 10 గ్రాముల జిలాటిన్‌ను 60 మి.లీ. చన్నీళ్లలో ఐదు నిమిషాలు నానబెట్టి, వేడినీళ్ల గిన్నె మీద పెట్టి కరిగించాలి. మరగనివ్వొద్దు, మరిగితే పట్టు తగ్గుతుంది. అందులో 160 గ్రాముల లిక్విడ్ గ్లూకోజ్, 20 మి.లీ. గ్లిజరిన్, 25 గ్రాముల వనస్పతి కలిపి, గోరువెచ్చగా ఉండగా జల్లించిన 900 గ్రాముల ఐసింగ్ షుగర్‌లో పోసి చపాతీ పిండిలా పిసకాలి. దాదాపు 1,200 గ్రాములొస్తుంది. ఒక రాత్రి మూతపెట్టి ఉంచాకే వాడాలి. చక్కెర మిక్సీలో పట్టుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. ఎంత పట్టినా రవ్వ మిగులుతుంది, ఒత్తేటప్పుడు ప్రతి రవ్వ దగ్గరా చీలిక మొదలవుతుంది. విందుకు శాకాహారులు కూడా వస్తారు కాబట్టి జిలాటిన్ వద్దనుకుంటే, ఆకుపచ్చ చుక్క ఉన్న రెడీమేడ్ ఫాండెంట్ కొనండి. 8 అంగుళాల కేకు కప్పడానికి 700 గ్రాములు, 6 అంగుళాలదానికి 500 గ్రాములు పడుతుంది. పలకలకు పోను, పొరపాట్లకు కలిపి మొత్తం 2 కిలోలు దగ్గరుంచుకోండి.

ఎరుపు, నలుపు మాత్రం వీలైతే రంగు వేసిన ఫాండెంట్‌నే కొనండి. హైదరాబాద్ వెళ్లే పని పడితే బేగంబజార్‌లో కేకు సామాను దుకాణాలున్నాయి. తెలుపులో రంగు కలిపి నిండు ఎరుపు తేవాలంటే చాలా జెల్ పోయాల్సి వస్తుంది. పోసేకొద్దీ ముద్ద జిగటగా, చేదుగా అవుతుంది. ఇంట్లోనే కలపక తప్పకపోతే నీళ్ల రంగు వద్దు, జెల్ రంగే వాడండి. ముదురు గులాబీ రంగు వచ్చే దాకా కలిపి ఆపి, చుట్టి, మర్నాటికి ఉంచండి. తెల్లారేసరికి రంగు ఒక మెట్టు ముదురుతుంది. అప్పుడు చూసి ఇంకాస్త కలపాలి. నలుపుకు ముందు కోకో పొడి, పావు కిలోకు రెండు పెద్ద చెంచాలు, దానితోపాటు అర చెంచా వనస్పతి వేసి గోధుమరంగు చేసుకుని, ఆపైన నల్ల జెల్ వేస్తే సగం రంగుతో పని అయిపోతుంది. రుచి కూడా బాగుంటుంది. మొత్తం కేకును ఎర్రగా కప్పాలన్న ఆలోచన ఉంటే వదిలేయండి. మొదటి ముక్క పెట్టుకోగానే పెండ్లికూతురి పెదవులు, పళ్లు ఎర్రబడతాయి, ఫొటోలన్నీ అప్పుడే తీస్తారు. ఒంటికి మీగడ రంగు, అంచుకు ఎరుపు. చూడ్డానికీ అదే నిండుగా ఉంటుంది.

ఒక జాగ్రత్త. ఎరుపు, నలుపు ఒత్తేటప్పుడు పీట మీద కార్న్‌ఫ్లోర్ చల్లకండి, తెల్ల మచ్చలు పడతాయి, మళ్లీ పోవు. పీటకు వనస్పతి రాయండి. మీగడ రంగుకైతే కార్న్‌ఫ్లోర్ ఫరవాలేదు, అదీ మస్లిన్ గుడ్డలో మూటకట్టి తట్టినంతే.

అంచు పగలడం గురించి. మే నెలలో నల్గొండ ఎండ 43, 44 డిగ్రీలకు పోతుంది. గాలిలో తడి తక్కువ. ఒత్తిన ఫాండెంట్ మీద ఐదు నిమిషాల్లో పొర కడుతుంది. ఆ పొర కట్టినదాన్ని వంచితే ఏనుగు చర్మంలా ముడతలు, పైఅంచు దగ్గర పగుళ్లు. దీనికి మందు వేగం. కేకు, పీట, కర్ర, కోసే కత్తి అన్నీ సిద్ధంగా పెట్టుకున్నాకే ఫాండెంట్ మూత తీయండి. ముద్ద పొడిగా అనిపిస్తే చెంచాడు వనస్పతి పిసకండి. నీళ్లు తగిలించొద్దు. మందం 4 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఒత్తండి, పల్చనిదే ముందు చీలుతుంది. కప్పగానే మొదట పైఅంచును అరచేతులతో చుట్టూ ఆనించి పట్టించాలి. చాలామంది ముందు పక్కలు సర్దుతారు. ఆలోగా కిందికి వేలాడే బరువంతా పైఅంచు మీద పడి అక్కడ చిరుగుతుంది.

ఇంకొకటి, ఇది మన ఇళ్లకే ప్రత్యేకం. ఉక్కపోతకు తట్టుకోలేక పని చేసే గదిలో కూలర్ పెట్టకండి. కూలర్ విసిరేది తడి గాలి. పంచదార ఆ తడిని పీల్చుకుంటుంది. గంటలో ఫాండెంట్ మీద జిగురు మెరుపు వచ్చి, ఎరుపు కారడం మొదలవుతుంది. ఏసీ ఉంటే ఏసీ, లేకపోతే తెల్లవారుజామున 4 నుంచి 8 లోపు పని ముగించడం. ఫ్యాను గాలి కూడా నేరుగా తగలనీయకండి, పట్టీలు పేర్చేలోపే ఎండిపోతాయి.

ఎరుపు దిగడానికి అసలు కారణం తడే. అది మీకు రెండు దిక్కుల నుంచి వచ్చింది. లోపల విప్పింగ్ క్రీమ్‌లోని నీరు ఫాండెంట్‌ను అడుగునుంచి నానబెట్టింది. బయట ఫ్రిజ్ నుంచి తీసిన చల్లటి కేకు మీద, చన్నీళ్ల గ్లాసుకు పట్టినట్టు, గాలిలోని తడి చెమటగా పట్టింది. ఎరుపు రంగు నీళ్లలో కరిగేది, నీళ్లు ఎటు పోతే అటు పోతుంది. కాబట్టి ఫాండెంట్ కింద విప్పింగ్ క్రీమ్ వద్దు, పండ్లముక్కలూ కస్టర్డూ అసలే వద్దు. బటర్ క్రీమ్ కూడా ఈ ఎండకు నిలవదు, వెన్న 32 డిగ్రీలు దాటగానే జారిపోతుంది. డార్క్ చాక్లెట్ గనాష్ వేయండి. మామూలుగా రెండు పాళ్ల చాక్లెట్‌కు ఒక పాలు క్రీమ్ అంటారు. మే నెలకు మూడు పాళ్లకు ఒకటి. మీ రెండు అంతస్తులకు కిలో చాక్లెట్, 330 మి.లీ. క్రీమ్ సరిపోతుంది. క్రీమ్‌ను పొంగు వచ్చేముందు దించి, తరిగిన చాక్లెట్ మీద పోసి, రెండు నిమిషాలాగి మధ్యనుంచి కలపండి. రాత్రంతా ఉంచితే పూతకు వీలైన గట్టిదనం వస్తుంది. కేకు కూడా మెత్తటి స్పాంజి కాకుండా ప్లమ్ కేకు గాని, బరువైన చాక్లెట్ కేకు గాని చేయండి. పై అంతస్తు బరువు మోయాలి కదా.

గనాష్ పూత రాత్రంతా బిగిశాక, దానిమీద జిగురు అంటేటంత నీటి తడి బ్రష్షుతో అద్ది ఫాండెంట్ కప్పండి. ఇది పెండ్లికి రెండు రోజుల ముందు. మర్నాడు పొద్దున్నే పలకలు. అప్పటికి ఒంటి ఫాండెంట్ మీద పల్చటి పొర కట్టి ఉంటుంది, ఎర్ర పలకనుంచి రంగు అందులోకి ఇంకదు. ఇదే పని కప్పిన రోజే చేస్తే ఇంకుతుంది.

పలక అతికించే సమయం గుర్తుపట్టడం ముఖ్యం. చేసిన వెంటనే ఎత్తితే సాగుతుంది. పూర్తిగా ఎండితే గుండ్రంగా వంచేటప్పుడు పట్టీల మధ్య ఫట్టుమని విరుగుతుంది. ఒక చివర చాకుతో ఎత్తి చూడండి. తోలు చెప్పు అట్టలాగా, సాగకుండా వంగితే అదే అదను. మే ఎండలో పది పదిహేను నిమిషాల్లో ఆ స్థితికి వస్తుంది. అందుకే ఏడూ ఒకేసారి చేసి పరచకండి. ఒకటి చేయడం, ఆరడం, అతికించడం, తర్వాతిది. తొందర పనిబడి ముందే చేసుకోవాల్సి వస్తే, కేకు చేసిన టిన్నుకే బటర్ పేపరు చుట్టి, దాని చుట్టూ పలకను వంచి ఆరబెట్టండి. వంపు ముందే వచ్చి ఉంటుంది.

జిగురు పలక వెనక రాయాలి, కేకుకు కాదు. అంచులకు అర సెంటీమీటరు వదిలి మధ్యలోనే పల్చగా రాయండి. అంచుదాకా రాస్తే ఒత్తినప్పుడు బయటికొచ్చి మీగడ రంగు మీద మెరిసే మరక పడుతుంది. కేకు అడుగు అంచుకు పలక కింది అంచు ఆనించి, మధ్యనుంచి చివరలకు వేళ్లతో కాక అరచేత్తో ఆనించుకుంటూ వెళ్లండి. వేళ్లయితే గుంటలు పడతాయి. తర్వాతి పలక శిఖరం ఎక్కడ మొదలవ్వాలో మొదటి పలకను చూసి కలపండి.

అతుకుల మీద, పలకల పైనా కిందా జరీ. తెల్ల ఫాండెంట్ 4 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలు కోసి, దువ్వెన పళ్లతో అడ్డంగా సన్న గీతలు పడేలా అద్ది, అతికించి, ఆరాక బంగారు పొడి పూయండి. ఇందుకోసం కొత్త దువ్వెన ఒకటి విడిగా ఉంచుకోండి. పొడిని నీళ్లతో కాకుండా ఆల్కహాల్‌తో చేసిన లెమన్ ఎసెన్స్ నాలుగు చుక్కలతో కలపండి. ఆల్కహాల్ నిమిషంలో ఆరిపోతుంది, నీరైతే కింద ఫాండెంట్‌ను కరిగిస్తుంది. డబ్బా మీద తినదగినదని స్పష్టంగా రాసి ఉన్న పొడే కొనండి. ‘నాన్ టాక్సిక్’ అని మాత్రమే ఉంటే అది అలంకరణకేగాని కడుపులోకి కాదు. పెండ్లి కేకు పిల్లలు కూడా తింటారు, ఇక్కడ రాజీ పడొద్దు. జరీ పైన ఇంకా ఏదైనా ఉండాలనిపిస్తే గద్వాల అంచుల్లోని కోటకొమ్మలాగా చిన్న త్రిభుజాల వరుస ఒకటి చాలు. సిలికాన్ అచ్చుల లేసులు, ముత్యాలు దీని పక్కన పెడితే చిట్కి పని కళ్లకు ఆనదు.

పలకలు అతికాక కేకును ఫ్రిజ్‌లో పెట్టకండి. గనాష్, ప్లమ్ కేకు, ఫాండెంట్ ఏసీ గదిలో రెండు రోజులు నిక్షేపంగా ఉంటాయి. ఏసీ లేక ఫ్రిజ్ తప్పదంటే అట్టపెట్టెలో పెట్టి, సందులన్నీ టేపు వేసి అప్పుడు పెట్టండి. తీశాక పెట్టె తెరవకుండా మూడు గంటలు గదిలో ఉంచాలి. పట్టే చెమట పెట్టెకు పడుతుంది, కేకుకు కాదు. తెరిచి చూడాలని ఇంట్లో అందరికీ ఉంటుంది. తెరవనీయకండి.

నకిరేకల్‌కు రెండు అంతస్తులూ విడివిడి పెట్టెల్లో తీసుకెళ్లి అక్కడే నిలబెట్టండి. 6 అంగుళాలది దాని సొంత అట్ట మీద ఉండాలి. 8 అంగుళాలదానిలో ఐదు చెక్క డావెల్ పుల్లలు, పై అంతస్తు అట్టకు లోపలివైపు వచ్చేలా గుండ్రంగా నాలుగు, మధ్యన ఒకటి గుచ్చండి. మొదటిదాన్ని గుచ్చి కేకు మట్టానికి గుర్తుపెట్టి, తీసి, ఐదింటినీ ఆ కొలతకే కోయాలి. ఒక్కటి ఎత్తుగా ఉన్నా పైది ఒరుగుతుంది. కారులో సీటు మీద వద్దు, వాలుగా ఉంటుంది. చదునైన డిక్కీలో గాని, కాళ్ల దగ్గర గాని, కింద జారని మ్యాటు వేసి పెట్టండి. బయల్దేరే ఇరవై నిమిషాల ముందే ఏసీ వేసి బండిని చల్లబరచండి. ఎండలో నిలబెట్టిన కారు లోపల గనాష్ నిలవదు.

సంచిలో ఇవి వేసుకోండి: జిగురు, సన్న బ్రష్షు, లెమన్ ఎసెన్స్, దూది పుల్లలు, చుట్టిపెట్టిన మీగడ రంగు ఫాండెంట్ ముద్ద, మిగిలిన పట్టీలు ఓ పది, జరీ ముక్కలు. తెలుపు మీద ఎక్కడైనా ఎరుపు మరక కనిపిస్తే రుద్దకండి. దూది పుల్లను ఎసెన్స్‌లో ముంచి, పిండేసి, మరక మీద ఒక్కసారి అద్ది తీయండి, కొత్త పుల్లతో మళ్లీ అద్దండి. అప్పటికీ పోకపోతే ఆ ఒక్క పట్టీ తెలుపు మీద, మిగిలిన పట్టీల్లోంచి తెల్ల ముక్క అదే కొలతకు కోసి అతికించేయండి. అన్నీ అర సెంటీమీటరు పట్టీలే కాబట్టి అతుకు తెలియదు.